ఆ యాభై మార్కుల సంగతి

నరసాపురం

చిన్నోడికి,

ఆదివారం నువ్వు ఫోన్లో అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నీ వెనక పిల్లలు లైన్లో ఉన్నారు, వార్డెన్ గారేమో టైమైపోయిందంటున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"ఇంటర్వ్యూయే అసలంట, రాత పరీక్ష ఉత్తుత్తిదేనంట" అన్నావు. ఆ మాట ఎవరన్నారో గానీ లెక్క చూసి అన్నది కాదు. ఆర్‌ఐఎంసీకి, అదే నువ్వు రాసిన డెహ్రాడూన్ మిలిటరీ స్కూలుకి, ఇంగ్లిష్ 125, లెక్కలు 200, జనరల్ నాలెడ్జ్ 75, మొత్తం 400 రాతకే. ఇంటర్వ్యూకి 50. ఆ నాలుగొందల్లో నువ్వు గట్టెక్కావు కాబట్టే పిలుపొచ్చింది. లెక్కలూ జీకే కూడా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడివి, అది దాటేశావు. నా దృష్టిలో పెద్ద గండం అదే.

అలాగని ఈ యాభైని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఇందులో విడిగా సగం రావాలి. లెక్కల్లో ఎంత బాగా వచ్చినా ఇక్కడ 25 రాకపోతే పని జరగదు. ఇంకోటి, ఆ రోజు వరండాలో నీ పక్కన కూర్చునేవాళ్లంతా రాతలో నెగ్గినవాళ్లే. వాళ్ల మార్కులూ నీ మార్కులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. సీట్లేమో చాలా కొద్ది. ఎనిమిదో పది మార్కులో అటూ ఇటూ అయితే పేరు పైకెక్కుతుంది, లేదా కిందికి జారుతుంది. దాని బరువు అక్కడుంది. రాత సరిగ్గా రాయనివాణ్ణి ఇంటర్వ్యూ ఎలాగూ కాపాడదు.

అన్ని స్కూళ్లకీ ఒకే పద్ధతి ఉండదు కూడా. పెదవేగి నవోదయకి నువ్వు ఆరో తరగతికి రాసినప్పుడు ఎనభై ప్రశ్నలు, వంద మార్కులు, రెండు గంటలు, అంతే కదా. నిన్నెవరూ పిలిచి పేరు కూడా అడగలేదు. కోరుకొండ సైనిక్ స్కూలు లాంటివాటికి ఒకప్పుడు ఇంటర్వ్యూ ఉండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు ర్యాంకు, మెడికల్. ఇక ఫీజు లక్షల్లో ఉండే ప్రైవేటు బోర్డింగుల్లో చాలా చోట్ల పిల్లలతో పాటు అమ్మానాన్నల్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ పెద్దమ్మ కూతుర్ని అలాంటి ఒకదానికి తీసుకెళ్తే, పిల్లని అడిగినవి నాలుగు ప్రశ్నలట, మీ పెదనాన్నని అడిగినవి అరగంటట. ఏం వ్యాపారం, ఫీజు ఒకేసారి కడతారా అని. అదీ ఇంటర్వ్యూయే మరి!

అసలు విషయానికొస్తాను. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ నోటుబుక్ ఒకటి ఇక్కడే మర్చిపోయి వెళ్లావు. తెరిచి చూశాను, తిట్టుకోకు. అందులో ఇంటర్వ్యూ ప్రశ్నలు, కింద జవాబులు. నీ హాబీ ఏంటంటే "రోజూ న్యూస్ పేపర్ చదవడం" అని ఉంది. నువ్వు పేపర్లో క్రికెట్ పేజీ తప్ప ఇంకోటి తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్నాయన "ఈ రోజు పేపర్లో ఏం చదివావు బాబూ?" అని ఒక్క మాట అడిగితే? మీ కోచింగ్ బ్యాచ్‌లో అందరికీ మాస్టారు అదే జవాబు రాయించి ఉంటారు. ఒకే రోజు పదిమంది పిల్లలు అదే చెబితే వినేవాళ్లకి అర్థం కాదా?

మా లేసు పని నీకు తెలిసిందే. ఎవరైనా డాయిలీ, అదే బల్ల మీద పరిచే లేసు గుడ్డ, అల్లి తెచ్చి ఇస్తే నేను ముందు వైపు చూడను, వెనక్కి తిప్పి ముడులు చూస్తాను. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ అంతే, రెండో ప్రశ్న వెనక్కి తిప్పడానికే అడుగుతారు. కాబట్టి ఎంత తిప్పినా నీకు తెలిసిందే మాట్లాడు.

నీకు తెలిసింది పంటు, మన రేవులో మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే ఆ పెద్ద పడవ. సెలవులిస్తే తాతయ్య వెనక రేవుకి పోయి సాయంత్రం దాకా అక్కడే ఉంటావు. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేటప్పుడు పంటు తిన్నగా రాకుండా ఎందుకు వాలుగా వస్తుందో, పోటు ఉన్నప్పుడూ ఆటు ఉన్నప్పుడూ బల్ల ఎత్తు ఎలా మారుతుందో, కార్లు ముందెక్కించాలా బళ్లు ముందెక్కించాలా, అవన్నీ అన్నం తింటూ నాకు చెప్పింది నువ్వే. ఇక్కడ వంతెన లేదు కాబట్టి, పంటు ఆగితే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలని కూడా చెప్పు. దాని మీద వాళ్లు పది ప్రశ్నలు వేసినా తడుముకోవు. చెప్పేది ఇంగ్లిష్‌లో కదా, మాటలు ముందే వెతుక్కుని పెట్టుకో. వాక్యాలు మాత్రం బట్టీ పట్టకు.

మీ ఊరి గురించి చెప్పమంటారు, అది ఖాయం. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర కట్టించాడనీ 1852కి పూర్తయిందనీ నీకు వచ్చు. దాని దిగువన నది గౌతమి, వశిష్ఠ అని చీలుతుందనీ, మనది వశిష్ఠ అనీ, అది అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుందనీ మ్యాప్ గీసుకుని ఒకసారి చూసుకో. మన లేసుకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతం సరుకేనన్న గుర్తింపు, వచ్చింది. అమ్మ ఏం చేస్తుందని అడిగితే "హౌస్‌వైఫ్" అనకు, లేసు పని చేయిస్తుందని చెప్పు. నోటుబుక్‌లో హౌస్‌వైఫ్ అని రాసి ఉంది, చూశానులే.

తెలియంది అడిగితే తెలియదు సార్ అనెయ్. నసగకు, పైకప్పు చూడకు. మధ్యలో "ఆయ్" అని వచ్చేస్తుందని భయపడుతున్నావట, నాన్న చెప్పారు. వస్తే రానీరా, గోదావరోళ్ల పిల్లాడని తెలుస్తుంది, అంతేగా.

మీ మావయ్య విజయవాడలో ఎవరినో పట్టుకుని ఒక మాట చెప్పిస్తానంటున్నాడు. వద్దని గట్టిగా చెప్పేశాను. నీతో కూడా అంటే ఊఁ కొట్టకు. అలాంటి మాటలు నమ్మి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు మన వీధిలోనే ఉన్నారు.

కోచింగ్ వాళ్లు "స్పెషల్ ఇంటర్వ్యూ బ్యాచ్" అని మళ్లీ ఫీజు అడుగుతున్నారన్నావు కదా. కట్టను. ఎదురుగా కొత్త మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడే అలవాటు కావాలి, నిజమే. దానికి మీ లైబ్రరీ మేడమ్‌ని రోజూ పదిహేను నిమిషాలు అడుగు, ఆవిడ కాదనరు. మాస్టారితో ఈ సంగతి నువ్వు ఎత్తకు, నాన్న మాట్లాడతారు.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందే నాన్న అక్కడికొచ్చి నిన్ను విజయవాడ తీసుకెళ్తారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టూ నివాస ధ్రువపత్రమూ ఆయన బ్యాగులోనే ఉంటాయి. బూట్లు బిగుతయ్యాయన్నావు, సైజు చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు అది చెప్పు, కొత్తవి కొని నాన్నతో పంపిస్తాను.

అమ్మ