పాత లారీలకు వింటేజ్ గుర్తింపు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

యాభై ఏళ్లు దాటిన వాహనాలను కాపాడుకోవడానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు, పదేళ్లు చెల్లే రిజిస్ట్రేషన్, ప్రదర్శనలకూ ర్యాలీలకూ రోడ్డెక్కే వీలు అందులో ఉన్నాయి. లారీలు మాత్రం లేవు. ద్విచక్ర వాహనాలు, ఎం1 తరగతి (డ్రైవరు కాక ఎనిమిది మందికి మించి పట్టని) కార్లు తప్ప సరుకు మోసిన బండి ఏదీ ఆ నిర్వచనంలోకి రాదు. పైగా యాభై ఏళ్లను లెక్కించేది బండి తయారైన సంవత్సరం నుంచి కాదు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. చెన్నైలో లారీల మీదే బతికిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడిగా ఈ రెండు లోపాల గురించీ రాస్తున్నాను.

మాధవరంలోని మా షెడ్డులో ఒక షెవర్లే లారీ ఉంది. నెల్లూరు ధాన్యాన్ని జీఎన్‌టీ (గ్రాండ్ నార్తర్న్ ట్రంక్) రోడ్డు మీదుగా రెడ్‌హిల్స్ మిల్లులకు చేరవేసిన బండి అది. మా తాతగారు కొన్నప్పుడు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక బండిని మద్రాసుకు మార్చుకున్నారు, కొత్త నంబరు పడింది. పాత ఆర్‌సీ బుక్కులో రెండు తేదీలూ ఉన్నాయి. రవాణా కార్యాలయంలో వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు రెండో తేదీని మొదటిదిగా రాశారు. తయారీ సంవత్సరం గడిలోనూ అదే నింపారు. సవరించమని అడిగితే, కంప్యూటర్‌లో ఉన్నదే ప్రమాణమన్నారు. బండి దగ్గరకు వచ్చి చూసినవారు ఒక్కరూ లేరు.

చూస్తే చాలా తెలుస్తుంది. 1947లో షెవర్లే లారీల మూతి మారి, గ్రిల్లులో అడ్డంగా అయిదు పట్టీలు వచ్చాయి. 1954లో ఆ గ్రిల్లు పోయింది. రెండు ముక్కలుగా ఉండే ముందు అద్దం ఒక్కటైంది. కంపెనీ కట్టిన క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) మిగిలి ఉన్న బండి అయితే ఇంకా దగ్గరగా చెప్పవచ్చు. తలుపు కిటికీ మూలన గాలి కోసం తెరిచే చిన్న అద్దం 1951లో వచ్చింది. తిప్పి తెరిచే పిడికి బదులు బొత్తాం నొక్కే పిడి 1952లో వచ్చింది. మన దేశంలో వచ్చే చిక్కల్లా క్యాబ్‌తోనే. ఆనాటి లారీలు ఎన్నో ఇంజను, బానెట్ ఉన్న చాసిస్‌గా, అంటే చక్రాల మీది ఇనుప చట్రంగా అమ్ముడయ్యేవి; క్యాబ్‌నూ బాడీనీ ఇక్కడి వడ్రంగులు కట్టేవారు. మా బండి క్యాబ్ కూడా కొయ్యదే. దాని తలుపు చూసి సంవత్సరం చెప్పలేం.

ఇంజను నంబరునూ నమ్మలేం. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక యజమానులు పాత ఇంజన్లు దించి డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్నారు. మద్రాసులో సింప్సన్ సంస్థ తయారుచేసిన పెర్కిన్స్ పీ6 అలా ఎన్నో అమెరికన్ లారీల్లోకి చేరింది. అసలు ఇంజనే మిగిలి ఉంటే, షెవర్లే ఇంజను దిమ్మె మీద పోత పోసిన తేదీ ఉంటుంది: నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ఆ అంకె 9 అయితే 1939 కావచ్చు, 1949 కావచ్చు. ఏ దశాబ్దమో గ్రిల్లును చూసి తేల్చుకోవాలి. బ్రిటిష్ లారీల్లో లూకాస్ డైనమో, సెల్ఫ్ మోటారు మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో కొని మార్చిన డైనమో అయితే అది చెప్పేది తన వయసే, బండి వయసు కాదు.

అందువల్ల అన్నిటికన్నా బలమైన సాక్ష్యం చాసిస్ సంఖ్య. ఆ కాలపు షెవర్లే లారీల వరుస సంఖ్యలో ఒక అక్షరం మోడల్ సంవత్సరాన్ని తెలిపేది: 1949కి జి, 1950కి హెచ్, 1951కి జె. మా బండి చాసిస్ సంఖ్య ఉన్న కంపెనీ పట్టీ మీద హెచ్ స్పష్టంగా ఉంది. అయిదు పట్టీల గ్రిల్లు దానితో సరిపోతోంది. కంప్యూటర్‌లోని తేదీ సరిపోవడం లేదు. ఈ రోజుల్లో చాసిస్ సంఖ్య అంటే పదిహేడు అక్షరాలు, పదోది సాధారణంగా సంవత్సరం అని సిబ్బందికి అలవాటు. అమెరికాలో ఆ పద్ధతి తప్పనిసరి అయింది 1981 మోడళ్ల నుంచే. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. పదిహేడు అక్షరాలు లేవని పాత సంఖ్యను అనుమానించడం అన్యాయం.

యుద్ధకాలపు బండ్ల సంగతి మరీ దారుణం. కెనడాలో ఫోర్డ్, షెవర్లే కంపెనీలు సైన్యం కోసం కట్టిన లారీలు రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలోనూ తిరిగాయి. యుద్ధం ముగిశాక వాటిని డిస్పోజల్ వేలాల్లో పౌరులు కొన్నారు. ముందు అద్దం కింది అంచు లోపలికి, పై అంచు బయటికి వాలి ఉండే పొట్టి మూతి లారీలు అవే. తయారైన ఏళ్లకు గానీ వాటికి పౌర రిజిస్ట్రేషన్ దొరకలేదు. వాటి చరిత్రలో అసలైన భాగం ఆర్‌సీ బుక్కు మొదటి పుటకు ముందే జరిగిపోయింది.

మన నగరంలో తయారైన లారీల వయసు తేల్చడం ఇంత కష్టం కానక్కర్లేదు. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ రెండో పేరుతో అసలు పట్టీ ఉన్న బండి 1955కు ముందుది కాలేదు. టాటా, డైమ్లర్ బెంజ్ ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. టాటా లారీ మూతి మీది బెంజ్ నక్షత్రం ఆ కాలం గుర్తు. బానెట్లు మారిపోతుంటాయి కనుక నక్షత్రం ఒక్కటే చాలదు. ఈ రెండు కంపెనీలూ ఈనాటికీ ఉన్నాయి. పాత చాసిస్ సంఖ్యల పట్టికలు వాటి దగ్గర ఉంటే, అడిగిన యజమానికి తయారీ తేదీతో ఒక ధ్రువపత్రం ఇవ్వడం పెద్ద భారం కాదు.

1855 నాటి ఈఐఆర్ 21 ఆవిరి ఇంజనును 2010లో మన పెరంబూరు వర్క్‌షాపులోనే మళ్లీ కదిలించారు. రైల్వే తన పాత ఇంజన్లను గౌరవిస్తోంది, సంపన్నుల కార్లను వింటేజ్ నిబంధనలు గౌరవిస్తున్నాయి. ఊళ్లకు తిండి గింజలు మోసిన లారీ మాత్రం తుక్కు కొట్టుకు పోవాలా? బాడుగ తోలక, షెడ్డులో నిలిపి ఉంచిన బండికి సరుకు లారీలాగే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అడగడం ఏ రకంగా సబబు?

వింటేజ్ నిర్వచనంలో సరుకు వాహనాలను చేర్చాలని మన పార్లమెంటు సభ్యులు కేంద్రాన్ని కోరాలి. వయసు లెక్కకు రిజిస్ట్రేషన్ తేదీతో పాటు చాసిస్ సంఖ్యనూ ఆధారంగా తీసుకోవాలి. వింటేజ్ దరఖాస్తులను పరిశీలించే రాష్ట్ర కమిటీలో పాత లారీలు విప్పి బిగించిన మెకానిక్ ఒకరైనా ఉండాలి. నిబంధన మారేదాకా తమిళనాడు రవాణా శాఖ చేయగలిగిన పని ఒకటుంది: 1970కి ముందు లారీ ఏదైనా తుక్కుకు వచ్చినప్పుడు, కోతకు ముందే చాసిస్ ప్రింట్ (చాసిస్ సంఖ్య అచ్చు) తీయించి, కంపెనీ పట్టీని ఫోటో తీసి, పాత రిజిస్టర్‌లోని నమోదుతో కలిపి భద్రపరచమని తుక్కు కేంద్రాలకు ఉత్తర్వు ఇవ్వాలి. అందుకు చట్ట సవరణ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
మాధవరం, చెన్నై.