‘ఏ తోలైనా ఫర్వాలేదు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

చేతిపనుల మీద మీ ఆదివారం పేజీలో వచ్చేవి నేను వదలకుండా చదువుతాను. తోలుపని గురించి వేసిన వ్యాసం కూడా బాగానే ఉంది గానీ, కొత్తవాళ్లకి ఇచ్చిన సలహాల్లో ఒకటి మాత్రం అస్సలు మింగుడుపడలేదు. ‘మొదట్లో ఏ తోలు దొరికితే దానితోనే ప్రాక్టీస్ చెయ్యండి’ అన్నారు. కీచైన్‌కో చిన్న పర్సుకో అయితే సరే. పక్కనే పిస్టల్ పెట్టుకునే హోల్‌స్టర్ ఫొటో వేసి ఆ మాట అంటే ఎలాగండీ? హోల్‌స్టర్ బాగా రావడమా పాడవడమా అన్నది సగం తోలు కొన్నప్పుడే తేలిపోతుంది.

బ్యాగులకీ జాకెట్లకీ సోఫాలకీ వాడే మెత్తటి తోలు చాలావరకు క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. దాన్ని ఎంత తడిపి ఎంత నొక్కినా ఆరాక మళ్లీ వంగిపోతుంది, పిస్టల్ ఆకారం అందులో నిలవదు. పైగా ఆ లవణాల వల్ల లోపలున్న ఇనుము తుప్పు పడుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు హోల్‌స్టర్‌కి దాని జోలికే పోరు. కావాల్సింది వెజ్ టాన్ తోలు, అంటే చెట్ల బెరళ్లలో ఉండే వగరుతో, టానిన్లతో శుద్ధి చేసింది. తడిగా ఉన్నప్పుడు మైనం ముద్దలా ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది, ఆరాక బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. మందం 2.8 నుంచి 3.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అమ్మేవాళ్లు ఔన్సుల్లో చెబితే కంగారుపడొద్దు, ఒక ఔన్సు అంటే దాదాపు 0.4 మిల్లీమీటరు, కాబట్టి 7 నుంచి 9 ఔన్సులది అడగాలి. ఇంకోటి, పశువు వీపు వైపు తోలు గట్టిగా, ఒకే మందంతో ఉంటుంది. పొట్ట వైపుది చవగ్గా వస్తుంది గానీ సాగుతుంది, హోల్‌స్టర్‌కి పనికిరాదు. డబ్బు మిగుల్చుకోవాలంటే పనిముట్ల దగ్గర మిగుల్చుకోవచ్చు, పెట్టె నిండా సెట్లు కొనక్కర్లేదు. పదునైన కత్తి, తోలుకి రంధ్రాలు పొడిచే ఆరె, రెండు సూదులు, మైనం పట్టించిన దారం, అతికించడానికి జిగురు ఉంటే మొదటిది అయిపోతుంది.

తోలు కొయ్యడానికి ముందు అట్టముక్క మీద నమూనా చేసుకోవాలి, కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే. పిస్టల్‌ని అట్ట మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గీత మీదే కుట్టేస్తే అది లోపలికి దూరనే దూరదు. దానికీ మందం ఉంది, తోలు ఆ మందం చుట్టూ ఎక్కి దిగాలి కదా. అందుకని పిస్టల్ మందంలో సగం తీసుకుని, దానికి తోలు మందం కలిపి, అంత దూరం బయటికి కుట్టు గీత వెయ్యాలి. అక్కడినుంచి అంచుకి ఇంకో 5, 6 మిల్లీమీటర్లు వదలాలి. ఇదీ మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే, కాబట్టి అట్టనే మడిచి పిన్నులు కొట్టి ఒకసారి సరిచూసుకుంటే తోలు వృథా కాదు.

కుట్టు గురించి మీరు రాసింది నాకు నచ్చింది, ఒక్క దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ తీసే పద్ధతి. ఒక కుట్టు తెగినా పక్కవి పట్టుకునే ఉంటాయి, మిషన్ కుట్టైతే ఇంత మొండిగా నిలబడదు. అయితే ఆరెని నిటారుగా పట్టుకోవాలన్న మాట కూడా రాసి ఉండాల్సింది. కాస్త వాలినా ముందువైపు వరస చక్కగా కనిపిస్తుంది గానీ వెనక్కి తిప్పి చూస్తే కుట్లు పాము నడిచినట్టు ఉంటాయి. దారం కుట్టు పొడవుకి నాలుగైదు రెట్లు తీసుకోవాలి, రెండు పొరల మందమే చాలా దారం మింగేస్తుంది.

ఇక తడిపి ఆకారం తేవడం. నన్నడిగితే ఈ పనిలో అసలు సరదా ఇదే, మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మామూలు నీళ్లలో కాసేపు ముంచి తీసి వెంటనే నొక్కడం మొదలుపెట్టకూడదు. తోలు రంగు కాస్త వెనక్కి తేరుకుని, ముట్టుకుంటే మాత్రం ఇంకా చల్లగా ఉండేదాకా ఆగాలి. అప్పుడు పిస్టల్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపల పెట్టి, వేళ్లతో, నున్నటి చెక్క ముక్కతో అంచుల వెంట నొక్కుతూ పోవాలి. ఆ కవర్ ఎందుకంటే, తడి వెజ్ టాన్ తోలుకి ఇనుము తగిలితే అక్కడ నల్లగా మచ్చ పడుతుంది. ఇనుమూ టానినూ కలిస్తే నలుపు పుడుతుంది, పాతకాలపు సిరా చేసిందీ ఇలాగే. ఇనప రజను అంటిన వేలితో ముట్టుకున్నా చాలు, వేలిముద్ర దిగిపోతుంది. ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ సలహా ఎప్పుడూ వెయ్యకండి. తడి తోలు మరీ వేడెక్కితే ముడుచుకుపోయి పెళుసవుతుంది. నీడలో గాలి తగిలేలా ఒకటి రెండు రోజులు వదిలేస్తే అదే ఆరుతుంది.

మీ వ్యాసంలో అసలు కనపడనిది జాగ్రత్త. కొలతలకీ ఆకారానికీ అదే సైజు ప్లాస్టిక్ డమ్మీ వాడటం ఉత్తమం. అసలుదే వాడక తప్పకపోతే తూటాలుండే మ్యాగజైన్ తీసేసి, పేలడానికి తూటా ఎక్కే ఛాంబర్ కూడా ఖాళీగా ఉందని కళ్లతో చూసి, తూటాలు ఇంకో గదిలో పెట్టి అప్పుడు కూర్చోవాలి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు మొత్తం తోలు కింద ఉండాలి, అందం కోసం అక్కడ కొంచెం కూడా కొయ్యకూడదు. ట్రిగ్గర్ ఉన్నచోట తోలుని లోతుగా లోపలికి నొక్కడమూ తప్పే. అయిపోయాక ఖాళీ పిస్టల్ పెట్టి తలకిందులు చేసి చూడాలి, జారకూడదు, అలాగని లాగితే రాకుండా పట్టెయ్యనూ కూడదు. మెరుపు కోసం నూనె ఎక్కువ పట్టిస్తే బిగువంతా పోతుంది, పల్చగా మైనం రాస్తే సరిపోతుంది. నెలల తరబడి పిస్టల్‌ని అందులోనే వదిలేయకూడదు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది.

వాడగా వాడగా మూతి మెత్తబడి లోపలికి మడత పడుతున్న హోల్‌స్టర్‌ని ఎంత ముచ్చటపడి చేసుకున్నదైనా పక్కన పడెయ్యాల్సిందే. పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ఆ మడతే ట్రిగ్గర్‌ని నొక్కితే పేలుతుంది. మరోసారి ఈ విషయం వేసేటప్పుడు మిగతావి తగ్గించైనా సరే, ఈ ముక్క తప్పకుండా వెయ్యండి.

ఇట్లు,
తోలుపని చేసుకునే మీ పాఠకుడు