మన ఊళ్ల కింద పలకలు గుద్దుకోవడం లేదు

సంపాదకుడు గారికి నమస్తే.

2024 డిసెంబరులో మన ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా భూమి అదిరినప్పుడు మా వంటింట్లో స్టీలు గ్లాసులు రెండు సెకన్లు గలగలమన్నాయి, పిల్లి దూరిందనుకుని మా అమ్మ కేకలేసింది. అంతే. కానీ అప్పటి నుంచి కాస్త అదిరితే చాలు, మన కాళ్ల కిందే రెండు పలకలు, అంటే మెల్లగా కదిలే భూమి పైపెంకు ముక్కలు, గుద్దుకుంటున్నాయని వాట్సాప్‌లో ఒకటే టెన్షన్.

ఆ గుద్దుకునే చోట్లు మనకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఉత్తరాన మన పలక ఆసియా పలకను దాదాపు 5 కోట్ల ఏళ్లుగా నెడుతోంది, ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. రెండు వైపులా ఉన్నది తేలికైన ఖండపు రాయే కాబట్టి ఏదీ సులువుగా మునగదు, నలిగి, మడతలు పడి హిమాలయాలై లేచింది, మధ్యలో ఉన్న టెథిస్ సముద్రపు అడుగుతో సహా. పూజ గదిలో సాలగ్రామం ఉంటుంది చూశారూ, గండకీ నదిలో దొరికేది, దాని మీది చక్రం ఆ సముద్రంలో బతికిన ఒక జీవి గుల్ల తాలూకు అచ్చే. మా తాతగారి సాలగ్రామం ఇది తెలిశాక నాకు ఇంకా అపురూపమైంది.

అండమాన్, సుమత్రా వైపు సంగతి వేరు. అక్కడ సముద్రపు అడుగు బరువైంది, పక్క పలక కిందికి దూరిపోతుంది. దూరుతూ దూరుతూ పట్టేసి, ఆ పట్టు ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో 2004 డిసెంబరు 26న సునామీ రూపంలో మన తీరంలో కళ్లారా చూశాం.

మరి మనకెందుకు అదురుతోందంటే, ఆ నెట్టుడు ఒత్తిడి పలక అంతటా పాకుతుంది, పాత పగులున్న కుండను అంచున నొక్కినా చప్పుడు పగులు దగ్గరే కదా వచ్చేది. మనకు పాత పగుళ్లకు కొదవా? కనిగిరి దగ్గరా, నెల్లూరు జిల్లా కండ్ర దగ్గరా వంద కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు అడుగు రాళ్లను శాస్త్రవేత్తలు గుర్తించారు. అంటే ఇక్కడా పలకలు ఢీకొన్నాయి, కాకపోతే ఎప్పుడో!

అలాగని నిమ్మళంగా కూర్చోమని కాదు. 1967 మార్చి 27న ఒంగోలును 5.4 తీవ్రతతో కుదిపింది. అదిరినప్పుడల్లా తీవ్రత ఎంతో, ఎంత లోతునో వేయండి. కింద షట్టర్ల కోసం, పార్కింగ్ కోసం గోడల్లేకుండా సన్నటి పిల్లర్ల మీద మూడంతస్తులు లేపుతున్నారే, వాటి ప్లాన్లు ఎవరు చూసి ఓకే చేస్తున్నారో కూడా ఒకసారి అడిగి రాయండి.

— ఒక పాఠకుడు, దర్శి, ప్రకాశం జిల్లా