టబ్ తీసేటప్పుడు కింద నేల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం ఇళ్ల పేజీలో బాత్‌టబ్ తీసేసి షవర్ పెట్టుకోవడం గురించి వేశారు, మంచిదే, కానీ ఫొటోల్లో అంతా గ్లాస్ తలుపులూ మెరిసే టైల్సే కనిపించాయి, టబ్ తీశాక కింద ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో టబ్ వాడేవాళ్లు ఎంతమందండీ? నిండాలంటే 150 లీటర్లు పైనే కావాలి, గీజర్ చూస్తే 15 లేదా 25 లీటర్లది. కృష్ణా నీళ్లు 100 కిలోమీటర్లకు పైగా పంపులతో లాక్కొచ్చే ఊళ్లో టబ్ మామూలుగా బకెట్లు పెట్టుకునే చోటైపోతుంది. అందుకే తీసెయ్యడం కరెక్టే. మా అత్తయ్యకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, ఆ గట్టు మీద నుంచి కాలెత్తి దిగడమంటే ఆవిడకి రోజూ భయమే, మేం కూడా అందుకే తీయించాం.

తీయిస్తే టబ్ కింద టైల్స్ లేవు, వాటర్‌ప్రూఫింగ్ లేదు, గోడ టైల్స్ కూడా టబ్ అంచు దాకానే. దాని మీదే టైల్స్ వేసేసి షవర్ తిప్పితే కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌లో చెమ్మ దిగుతుంది, ఇక అసోసియేషన్ మీటింగుల్లో గొడవలే. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వెయ్యకముందే నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసేసి నీళ్లు పోసి కనీసం ఒక రోజు నిలబెట్టి, కిందికి చెమ్మ దిగుతుందేమో చూడాలి. చాలామంది మేస్త్రీలు తొందరలో దీన్ని ఎగ్గొడతారు, మనం పక్కన నిలబడి చేయించుకోవాల్సిందే. స్లోప్ కూడా ట్రాప్ వైపే ఉండాలి, లేకపోతే మూలల్లో నీళ్లు నిలిచి సబ్బు నాచు పట్టి, ఏ జారుడు భయంతో టబ్ తీశామో అదే మళ్లీ వస్తుంది.

పెద్దవాళ్లున్న ఇంట్లో గరుకు టైల్సే వెయ్యండి. పట్టుకోడానికి స్టీల్ రాడ్ గోడ ఇటుకలోకి బోల్టులు దింపి బిగించాలి, టవల్ రాడ్, అతికించే సక్షన్ హ్యాండిల్ మనిషి బరువు ఆపవు. కూర్చుని పోసుకునేలా హ్యాండ్ షవర్ కింద అందే ఎత్తులో పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని వాళ్ల ఒళ్లే అడ్డుకుంటుంది, అది చాలామందికి తట్టదు.

గ్లాస్ పార్టిషన్ల రేట్లు ఎంత వివరంగా వేశారో ఇవి కూడా అంత వివరంగా, ఒక మంచి మేస్త్రీని, ఒక ప్లంబర్ని కూర్చోబెట్టి అడిగి వేయండి సార్.

ఇట్లు
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్