అది మసాలా మిషను కాదు, తూటా మూతి చుట్టే పనిముట్టు

సంపాదకులకు,

జుమేరాత్ బజార్‌లో దొరికే పాత సామాను గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఒక ఫొటో కింద ‘పాతకాలపు మసాలా మిషను’ అని వేశారు. బల్లకు బిగించే మర, పక్కన తిప్పే పిడి ఉన్నాయి కాబట్టి అలా అనుకోవడం సహజమే. అయితే అది 12 బోర్ (బోర్ అంటే తుపాకి గొట్టం వెడల్పు కొలత) తుపాకిలో వాడే కాగితపు తూటా మూతిని లోపలికి చుట్టి మూసే టర్నోవర్ మిషను. తూటాను గాడిలో పడుకోబెట్టి, లివరుతో వెనక నుంచి నొక్కుతూ పిడి తిప్పితే ముందున్న గుండ్రని తల కాగితపు అంచును లోపలికి మడుస్తుంది. ఇలాంటివి ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. తుడిచి చూస్తే షెఫీల్డ్‌కు చెందిన జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్ ముద్రో, హాక్స్‌లీ ముద్రో కనిపించవచ్చు. జాగీర్దార్ల ఇళ్లలో వేట సరంజామా ఉన్న ఊళ్లో ఇవి పాత సామానులోకి రావడం వింత కాదు.

శీర్షిక తప్పు ఒక్కటే అయితే ఇంత ఉత్తరం అక్కర్లేదు. అదే ఫొటోలో మిషను పక్కన జరిపే అడుగు ఉన్న చిన్న ఇత్తడి కప్పు ఉంది. దాన్ని ‘మందుల కొలత’ అన్నారు. మందు మాట నిజమే, కాకపోతే అది తుపాకి మందు. ఆ ఫొటోలో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు కూడా అదే.

ముందు తూటా సంగతి. మైనం పట్టించిన కాగితాన్ని గట్టిగా చుట్టిన గొట్టం, అడుగున ఇత్తడి గిన్నె, దాని లోపల నొక్కి బిగించిన కాగితపు దిమ్మె, నడుమ తుపాకి సూది దెబ్బకు పేలి మందును అంటించే క్యాపు. మళ్లీ నింపేవారు పేలిన క్యాపును లోపలి నుంచి ఊచతో పొడిచి తీసి, చేతి లివరుతో కొత్తది ఎక్కించేవారు. అది ఇత్తడి అడుగుతో సమంగా కూర్చోవాలి. పైకి పొడుచుకొస్తే తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. లోతుకు పోతే సూది దెబ్బ సరిగా తగలక తుస్సుమంటుంది. తరువాత మందు, దానిమీద గట్టి అట్టబిళ్ల, ఆపైన దాదాపు అరంగుళం దళసరి ఫెల్ట్ (అదిమిన ఉన్ని) బిళ్ల, మళ్లీ పలుచని అట్ట, సీసపు గుళ్లు, చివర మూత బిళ్ల.

ఈ బిళ్లల వరసలో ఏదీ అలంకారానికి లేదు. ఫెల్ట్‌కు కొవ్వు పట్టిస్తారు. కింద అట్ట లేకపోతే ఆ జిడ్డు మందులోకి దిగి తూటా నీరసపడుతుంది. ఫెల్ట్ పలుచనైనా వదులైనా వేడి వాయువు పక్కల నుంచి జారి గుళ్లలోకి దూరుతుంది, కొన్ని గుళ్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలుగా పోతాయి. ఇత్తడి తూటాల గోడ పలుచన, లోపలి వెడల్పు ఎక్కువ. కాబట్టి కాగితపు తూటాకు కోసిన 12 బోర్ బిళ్ల అందులో వదులవుతుంది, దానికి అంతకంటే పెద్ద సైజు బిళ్ల కావాలి. మూత బిళ్ల పైన సుమారు పావు అంగుళం గొట్టం మిగలాలి. తక్కువైతే చుట్టు విచ్చుకుని గుళ్లు జేబులోనే రాలిపోతాయి. ఎక్కువైతే గొట్టం నడుమ నలిగి ఉబ్బుతుంది, ఆ తూటా చాంబర్‌లో, అంటే తుపాకిలో తూటా కూర్చునే చోట, దిగదు. చాలామంది మిషను పాడైందనుకుంటారు గానీ, తప్పు బిళ్లల దొంతర ఎత్తుది.

కాగితం తేమ పీలుస్తుంది. మన వానాకాలంలో మైనం అరిగిన గొట్టాలు ఉబ్బి బిగుసుకుపోతాయి. పేలినప్పుడల్లా మూతి కాలి మెత్తబడుతుంది. పాతవాళ్లు దాన్ని వేడి కమ్మీ మీద తిప్పి సాఫు చేసి, కరిగిన పారఫిన్ మైనంలో ముంచేవారు. అలా మూడు నాలుగు సార్లు వాడుకునేవారు. ఇత్తడి, కాగితం కలిసే చోట సూది మొనంత రంధ్రం కనిపించినా ఆ గొట్టం పని అయిపోయినట్టే.

ఇక కప్పు. దానిమీద ఒక వైపు 2½, 2¾, 3 వంటి అంకెలు, మరో వైపు 1, 1⅛, 1¼ ఉంటాయి. మొదటివి డ్రాములు అనే పాత తూకం లెక్క, మందుకు. రెండోవి ఔన్సులు, గుళ్లకు. 12 బోర్‌కు పాత లెక్క 3 డ్రాముల బ్లాక్ పౌడర్ (పాతకాలపు పొగ మందు), 1⅛ ఔన్సుల గుళ్లు. అంటే సుమారు 82 గ్రెయిన్ల (డ్రాముకంటే చిన్న తూకం) మందు, 32 గ్రాముల సీసం. కప్పు కొలిచేది బరువు కాదు, పరిమాణం. ఆ పరిమాణం బ్లాక్ పౌడర్‌కే సరిపోతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చిన షుల్ట్జ్, ఇ.సి. వంటి తొలి పొగలేని మందులను కావాలనే ఆ కప్పుకు తగ్గట్టు ఉబ్బుగా తయారుచేశారు. 3 డ్రాముల చోటులో పట్టే షుల్ట్జ్ 42 గ్రెయిన్లే. ఇప్పటి మందు అలా కాదు. 12 బోర్‌కు పాత బరువులో దాదాపు నాలుగో వంతు చాలు. కప్పు నిండా పోస్తే రెండింతలవుతుంది, రకాన్ని బట్టి ఇంకా ఎక్కువే. తుపాకి గొట్టం చీలి ఎడమ చెయ్యి పోయేది ఇలాంటప్పుడే. అమెరికా తూటా పెట్టెల మీద ‘3 డ్రామ్ ఈక్వివలెంట్’ అని కనిపిస్తే అది ‘3 డ్రాముల బ్లాక్ పౌడర్ ఇచ్చే వేగం’ అని. 3 డ్రాములు పోయమని కాదు.

లైసెన్సున్న పాత జోడు గొట్టాల తుపాకి ఇంట్లో ఉన్నవారికి మరో మాట. ఇంగ్లండ్ పాత తుపాకుల్లో చాలావాటి చాంబర్ 2½ అంగుళాలు, 65 మిల్లీమీటర్లు. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా మూతి మడిచి ఉండడంతో పేలకముందు పొట్టిగా ఉంటుంది, చక్కగా దిగుతుంది. మోసం అక్కడే ఉంది. పేలినప్పుడు మడత విప్పుకున్న మూతి చాంబర్ ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోయి ఒత్తిడి పెంచుతుంది. తీగలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టమైతే మరీ జాగ్రత్త. పొగలేని మందుకు పరీక్షించినట్టు చెప్పే నైట్రో ప్రూఫ్ ముద్ర లేని గొట్టాన్ని తెలిసిన తుపాకి మిస్త్రీ కొలిచి చూడకుండా ముట్టుకోవద్దు. పాత క్యాపుల్లోని పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా మిగిలి తేమ లాగుతుంది. దానికి నూనె గుడ్డ పనికిరాదు. ముందు వేడి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, తరువాతే నూనె పట్టించాలి.

పాత పెట్టెల్లో దొరికే తూటాలను ‘కాగితం పాడైంది, ఇంకేం పేలుతుంది’ అని పిల్లల చేతికి ఇస్తుంటారు. ఊపి చూసి తేల్చేది కాదది. మూతి చుట్టు చెక్కుచెదరకుండా ఉంటే అది నిండు తూటా. క్యాపు మీద సూది గుంట ఉండి మూతి మూసే ఉంటే అప్పట్లో తుస్సుమన్నదన్నమాట, ఇంకా బతికే ఉంది. గొట్టం ఖాళీగా కనిపించినా క్యాపు మీద గుంట లేకపోతే క్యాపు పేలుతుంది. కిరోసిన్‌లోనో నూనెలోనో నానబెడితే చచ్చిపోతుందని నమ్మకండి. కోసి విప్పడం అసలే వద్దు.

చట్టం సంగతి మీ వ్యాసం పూర్తిగా వదిలేసింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు ఉంచుకోవడం, తయారుచేయడం నేరం. అదే చట్టం ‘మందుగుండు’ నిర్వచనంలో దాని భాగాలను, దాన్ని తయారుచేసే యంత్రాలను కూడా చేర్చింది. అల్మారాలో అలంకారానికి పెట్టుకునే టర్నోవర్ మిషను గురించి కూడా నగర పోలీసు కమిషనర్ కార్యాలయంలోని ఆయుధ లైసెన్సుల విభాగాన్ని ఒక మాట అడిగి పెట్టుకోవడం మంచిది. నిండు తూటాలు దొరికితే సంచిలో వేసుకుని ఆటోలో తీసుకెళ్లకుండా, ముందు దగ్గరి పోలీసు స్టేషన్‌కు ఫోను చేసి వాళ్లు చెప్పినట్టు అప్పగించాలి. సంతలో అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఫొటో కింద శీర్షిక సవరిస్తూ, ఆ కప్పు మీది అంకెలు బ్లాక్ పౌడర్ లెక్కలని కూడా ఒక వాక్యం వేయండి. పేలిన క్యాపు ఉన్న ఖాళీ కాగితపు గొట్టాలు ఇంట్లో ఉంటే ఇత్తడిని తోమకండి. తోమితే అంచు మీది అక్షరాలు, ఏ కంపెనీ తూటానో చెప్పే ఆనవాలు, అరిగిపోతాయి.

ఇట్లు,
పాత తుపాకుల పనితనం తెలిసిన పాఠకులు,
హైదరాబాద్