‘ముట్టినవి’ అని రాయనివ్వని వారికి

ఏడేళ్లు లెక్కలు రాసిన ఒంగోలు గ్రానైటు కార్యాలయం నుంచి నాకు రావలసిన డబ్బు మొన్న శుక్రవారం బ్యాంకులో పడింది. అది పడేలా చేసినవారికి ఇంతవరకూ సరిగ్గా దండం కూడా పెట్టలేదు.

కొత్త మేనేజరు వచ్చిన నెలకే నా కంప్యూటర్ తీసేశారు, తర్వాత కుర్చీ. లోడింగు కూలీల ముందు, బీరువా పక్కన, పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబెట్టేవారు. ఆయన నోటి మాటలు ఇక్కడ రాయలేను. ఆ తర్వాత చీమకుర్తి పాలిషింగ్ యూనిట్‌కు వెళ్లమన్నారు, కాగితం మాత్రం ఇవ్వలేదు. కర్నూలు రోడ్డు బస్సెక్కి వెళితే అక్కడి గుమాస్తా ‘మీ పేరు మాకు రాలేదమ్మా’ అని తిప్పి పంపేవాడు. నాలుగుసార్లు ఇదే తంతు.

ఐదోరోజు టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నానట, బకాయిలన్నీ ‘ముట్టినవి’ అట. సంతకం పెట్టకపోతే నగదు తక్కువ వచ్చిందని కేసు పెడతామన్నారు. నిజం చెప్పాలంటే పెన్ను మూత తీశాను. మంచినీళ్లు తెచ్చిన కాపలా తాత గ్లాసు ఆ కాగితం మీదే పెట్టి, ‘ఇంటికెళ్లి చదువుకో అమ్మా, రేపు పెడుదువుగాని’ అన్నాడు. అంతే. ఆయనకు చదువు రాదు.

ఆ రాత్రి మా వీధి చివరి మాస్టారు చేత కాగితం చదివించాను. రాజీనామా చేసినా, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లను బట్టి పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు, పోదని, ‘ముట్టినవి’ అని రాసిచ్చాకే దాన్ని అడగడం కష్టమని విడమరచి చెప్పారు. అప్పటికి అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం లెక్కను తన పంచాంగం వెనకే వేసి చూపించారు: చివరి నెల జీతం 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున 9,000, ఏడేళ్లకు 63,000. అన్నేళ్లు జీతాల పట్టీలు తయారుచేసిన నాకే ఈ లెక్క తెలియదు, సిగ్గుగానే ఉంది.

కారణాలన్నీ రాసి, నెల గడువిచ్చి, రాజీనామాను రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముప్పై రోజుల్లో ఇవ్వాల్సిన డబ్బు రాలేదు. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వదిన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని నాకు అక్కడే తెలిసింది. ఇంటి నుంచి కదల్లేనివారు 15100కు ఫోను చేయవచ్చు. నాకు దొరికిన న్యాయవాది చిన్నమ్మాయి. కార్మిక శాఖ కార్యాలయంలో మా యజమాని గొంతు పెంచినప్పుడల్లా, ‘అది రాతపూర్వకంగా ఇవ్వండి సార్’ అని మాత్రం అనేది. మూడో వాయిదాకు ఆయన గొంతు తగ్గింది.

లాయరమ్మా, మాస్టారూ, వదినా, మీకు నమస్కారాలు. పని మానేసి మనవళ్ల దగ్గరున్న తాతకు ఈ సంగతి ఎవరైనా చదివి వినిపించండి. తాతా, మీ టిఫిను క్యారేజీ మూత నా సంచిలోనే ఉండిపోయింది, ఆదివారం తెచ్చిస్తాను.