యాకోబు 5:14లోని ‘రోగి’ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రికలో “మీలో ఎవడైనను రోగియై యున్నాడా?” అన్న 5:14లో గ్రీకు క్రియ ‘అస్తెనేయో’, దాని నామవాచకం ‘అస్తెనెయా’. ‘స్తెనొస్’ అంటే బలం, ముందు ‘అ’ చేరితే బలం లేకపోవడం. కాబట్టి యాకోబు చెప్పింది ఒంటి జబ్బు గురించి కాదు, విశ్వాసం సన్నగిల్లినవారి గురించే అని కొన్ని ప్రసంగాల్లో వినిపిస్తోంది. రోగమంటేనే విశ్వాసలోపమని మంచంలో ఉన్న మనిషినే నిందించేవారూ ఉన్నారు. ఇది అన్యాయం, గ్రీకు వాక్యానికీ పొసగదు.

పదాన్ని విడగొడితే అర్థం తేలిపోదు, పక్క మాటలు చూడాలి. రోమా 14:1లో “విశ్వాసము విషయమై” అనీ, 1 కొరింథీ 8లో “మనస్సాక్షి” అనీ పౌలు ఏది బలహీనమో విడమరిచాడు. యాకోబులో అలాంటి మాట లేదు. రోగి తాను వెళ్లడు, సంఘపు పెద్దలనే పిలిపిస్తాడు. వాళ్లు అతని ‘మీద’ ప్రార్థిస్తారు, నూనె రాస్తారు, ప్రభువు అతన్ని ‘లేపుతాడు’. లేవలేని స్థితిలో ఉన్నవాడికే ఇవన్నీ కుదురుతాయి. 15వ వచనంలో ఆ రోగికి వాడిన ‘కామ్నో’ అనే క్రియకు హెబ్రీ 12:3లో అలసట అర్థం ఉన్నమాట నిజమే. కానీ గ్రీకు వైద్యులు రోగిని పిలిచిందీ ఆ క్రియతోనే. ఇక పాపం సంగతి: “పాపములు చేసినవాడైతే” అన్నది షరతు. ప్రతి రోగానికీ పాపమే మూలమైతే ఆ ‘అయితే’ ఎందుకు?

మన తెలుగు బైబిలు ‘అస్తెనెయా’ను ఒకచోట వ్యాధి అనీ, ఇంకోచోట బలహీనత అనీ అనువదించడంతో పాఠకుడికి పోలిక దొరకదు. మత్తయి 8:17లో “మన బలహీనతలను” అన్నది అస్తెనెయా, “మన రోగములను” అన్నది ‘నొసొస్’. యోహాను 11లో లాజరు “వ్యాధి” అస్తెనెయాయే, దానితోనే చనిపోయాడు. 1 తిమోతి 5:23లో తిమోతికి “తరచుగా వచ్చు బలహీనతలు” కూడా అవే. పౌలు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిము రోగియైతే మిలేతులో విడిచివచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు, అక్కడా ‘అస్తెనేయో’ క్రియే.

మీ ఆధ్యాత్మిక పేజీలో స్వస్థత గురించి రాసేవారు యాకోబు 5:14 పక్కన 1 తిమోతి 5:23ను కూడా ఉంచాలని మనవి. మందులు మానేయడమే విశ్వాసం అన్న అర్థం వచ్చే వాక్యం ఒక్కటీ అచ్చు కాకూడదు. మూర్ఛ మాత్రలు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

— ఒక బైబిల్ అధ్యాపకుడు, గుంటూరు